లండను మ్యూజియములో అమరావతి

లండను నగరమునకు పోవు యాత్రికులు మొదట చూడగోరునవి రాజప్రాసాదమును, థేమ్సు నదిపై వంతెనయు, పార్లమెంటు భవనపు గడియారమును. వానిని చూచుటకు ఒకటి రెండు దినములు చాలును. పిమ్మట మ్యూజియముల వంతు వచ్చును. ఆ నగరమునందలి గొప్ప మ్యూజియములు పెక్కింట ప్రవేశరుసుము లేదు. కోటీశ్వరుడును కూలివాడును ఒకే ద్వారమున లోనికి పోవచ్చును. వానకు తడిసిన బాటసారి తలదాచుకొనుటకై లోనికి వచ్చి, మూడువేల యేండ్లనాటి రాజవిగ్రహము నెదుట గొడుగు ముడుచుకొనుచు నిలువబడుటయు కలదు.

వీనిలో బ్రిటిష్ మ్యూజియము మిక్కిలి పెద్దది. దాని పుట్టుకకు కారణము ఒక వైద్యుడు. సర్ హాన్స్ స్లోన్ అను నాతడు తన జీవితకాలమున పుస్తకములు, నాణెములు, ఎండిన మొక్కలు, పురాతన వస్తువులు మొదలగునవి 71,000కు పైగా కూర్చెను. తన మరణానంతరము అవి చెల్లాచెదురు కాకూడదని తలచి, తన వారసులకు 20,000 పౌనులు ఇచ్చినచో వానినన్నిటిని దేశమే తీసికొనవచ్చునని మరణశాసనము వ్రాసెను. 1753వ సంవత్సరమున అతడు మరణించగా, పార్లమెంటు ఆ యేడే చట్టము చేసి వానిని గైకొనెను. 1759వ సంవత్సరము జనవరి 15వ తేదీన మ్యూజియము ప్రజలకొరకు తెరువబడెను. తొలిదినములలో ముందుగా విన్నపము వ్రాసికొని, చీటి పొందినవారినే చిన్న గుంపులుగా లోనికి పంపుచుండిరి. ఇప్పుడట్టి నిర్బంధము లేదు.

నిర్బంధము లేకపోవుటచే వేరొక చిక్కు కలిగినది. ఆ మ్యూజియమున దాదాపు ఎనుబది లక్షల వస్తువులు కలవు. అందు ప్రదర్శనకు పెట్టినవి సుమారు 80,000. ఒక్కొక్క వస్తువును అరనిమిషము మాత్రమే చూచి సాగిపోయినను, దినమునకు ఏడు గంటల చొప్పున తొంబదియైదు దినములు పట్టును. లండనులో నాలుగు దినములు మాత్రమే ఉండు యాత్రికుడు ఒక్క మధ్యాహ్నములో దీనినంతటిని చూడబూనును. కాళ్ళు నొచ్చును, కన్నులు మసకబారును, సాయంకాలమునకు ఈజిప్టు ఏదియో గ్రీసు ఏదియో తెలియక, అన్నియు కలిసి ఒకే రాళ్ళకుప్పగా తోచును. ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట ఏమి చూచితివని అడిగినచో, "అబ్బో, చాల పెద్దది" అని మాత్రము చెప్పగలుగును. సంతలో నడచినట్లు మ్యూజియములో నడచువారికి దక్కునది అంతియే.

చూచుట యెట్లో లండను ప్రజలు ఒకప్పుడు కష్టకాలమున నేర్చుకొనిరి. ఆ కథ ట్రఫాల్గర్ చౌకులోని నేషనల్ గ్యాలరీ అను చిత్రశాలకు సంబంధించినది. 1824వ సంవత్సరమున 38 చిత్రములతో మొదలైన ఆ చిత్రశాలలో ఇప్పుడు 2,300కు పైగా చిత్రములు కలవు. 1939వ సంవత్సరమున రెండవ ప్రపంచయుద్ధము రాగానే, బాంబులకు గురియగునను భయముచే అచటి చిత్రములన్నిటిని నగరమునుండి తరలించిరి. 1941వ సంవత్సరమున వానిని వేల్సు దేశపు కొండలలో మానోడ్ అనుచోట పలకరాయి గనిలోనికి చేర్చిరి. చిత్రశాల గోడలు బోసిపోయెను. మైరా హెస్ అను పియానో విద్వాంసురాలు ఆ వట్టి గదులలో మధ్యాహ్నవేళ సంగీత కచేరీలు ఏర్పాటు చేసెను. 1939 అక్టోబరు మొదలు 1946 ఏప్రిల్ వరకు అట్టి కచేరీలు 1,698 జరిగెను.

అయినను ప్రజలకు చిత్రములు చూడవలెనను కోరిక తీరలేదు. 1942వ సంవత్సరమున ఆ కోరిక మన్నించి, చిత్రశాలాధికారి కెనెత్ క్లార్క్ ఒక ఏర్పాటు చేసెను. నెలకొక్క చిత్రమును మాత్రము గనినుండి తెప్పించి గోడకు తగిలింతురు. బాంబు పడినచో నష్టము ఒక్క చిత్రముతో పోవును. ఆ విధముగా వచ్చిన వానిలో టిషియను చిత్రించిన క్రీస్తు, మగ్దలేను మరియల చిత్రము ఒకటి. ఆ ఒక్క చిత్రమునకై పనివారు, సైనికులు, నర్సులు మధ్యాహ్న విరామమున వచ్చి నిలిచెడివారు. అంతకుముందు రెండువేల చిత్రముల నడుమ దానిని దాటిపోయినవారే ఇప్పుడు దాని యెదుట నిలిచి, చెట్టు ఆకులను, దూరపు ఊరిని, మరియ చాచిన చేతిని చూచిరి. ప్రక్కన వేరొకటి లేదు గదా!

బ్రిటిష్ మ్యూజియమున జనము మిక్కుటముగా గుమిగూడునది రొసెట్టా శిలకడ. 1799వ సంవత్సరమున ఈజిప్టులో ఫ్రెంచి సైనికులకు దొరకిన ఆ నల్లని రాతిపై ఒకే శాసనము మూడు లిపులలో చెక్కబడియున్నది. దానిలోని గ్రీకు భాగము ఆధారముగా షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు 1822వ సంవత్సరమున ఈజిప్టు బొమ్మలలిపిని చదువుటకు మార్గము కనుగొనెను. రాయి దొరకినది ఫ్రెంచివారికి. యుద్ధములో ఓడినందున దానిని అప్పగించినది ఆంగ్లేయులకు. అది పుట్టినది ఈజిప్టులో. జనమునకు ఈ వివరములతో పనిలేదు. భుజములపైగా చేతులు చాచి ఫోటో తీసికొని వెడలిపోదురు.

ఇంకొక పెద్ద శాలలో ఏథెన్సు నగరపు పార్థెనాను దేవాలయ శిల్పములు కలవు. ఎల్గిన్ ప్రభువు వానిని ఊడదీయించి ఓడలలో తెప్పించెను. 1816వ సంవత్సరమున ప్రభుత్వము వానిని 35,000 పౌనులకు కొనెను. గ్రీకులు వానిని తిరిగి యిమ్మని చాలకాలముగా కోరుచున్నారు. 2009వ సంవత్సరమున ఏథెన్సులో కొత్త మ్యూజియము కట్టి, పోయిన శిల్పముల స్థానములలో సున్నపుముద్దతో పోసిన నమూనాలు నిలిపి, అసలు రాళ్ళకొరకు ఎదురుచూచుచున్నారు. బ్రిటిష్ మ్యూజియమువారు 1963వ సంవత్సరపు చట్టమును చూపుదురు. ఆ చట్టము ప్రకారము వారు తమ వస్తువులను, కొద్ది మినహాయింపులు తప్ప, ఇతరులకు ఇచ్చివేయరాదు.

ఈ రెండు శాలలలోని జనసమ్మర్దమును తప్పించుకొని, ఆసియా ఖండపు వస్తువులు గల పొడవైన శాల చివరకు పోయినచో 33ఏ అను సంఖ్య గల గది కనబడును. గాజుతలుపులు మూసియుంచి, లోపలి గాలిలో వేడిమియు తేమయు హెచ్చుతగ్గులు కాకుండ కాపాడుచుందురు. అచట సందడి తక్కువ. ఆ గదిలోనివి అమరావతి శిల్పములు. కృష్ణానది కుడిగట్టున, గుంటూరు సీమలో, రెండువేల యేండ్ల క్రిందట వెలసిన మహాచైత్యపు రాళ్ళు అవి. బ్రిటిష్ మ్యూజియమువద్ద అట్టివి 120కి పైగా కలవు.

ఒకనాడు ఆ గదికి ఒక తల్లియు కుమారుడును వచ్చిరి. కుమారుడు లండనులో ఉద్యోగము చేయుచున్నాడు. తల్లి కృష్ణాతీరపు పల్లెనుండి అతనిని చూచుటకు వచ్చినది. కుమారునికి తొందర ఎక్కువ. ఒక్క పూటలో అన్నియు చూపవలెనని అతని పట్టుదల. తల్లి మాత్రము ఒక రాతిపలక యెదుట నిలిచి కదలలేదు.

"అమ్మా, ఈజిప్టు గదులు ఇంకా చూడలేదు. ఐదు గంటలకు తలుపులు మూసివేస్తారు" అనెను కుమారుడు.

"ఉండు నాయనా. ఈ రాయి మన పలనాటి రాయిరా. మన వసారాలో పరచిన నాపరాయి జాతే. చూడు, ఈ ఆడవాళ్ళ కడియాలు! మీ నాయనమ్మ కాళ్ళకు ఇట్లాంటివే ఉండేవి" అనెను తల్లి.

ఆమె చెప్పినది సరియే. అమరావతి శిల్పములు చెక్కిన రాయి పలనాటి గనులలోని సున్నపురాయియే. ఆంగ్లేయులు దానికి పాలరాయి అని పేరు పెట్టిరి గాని, అది పాలరాయి కాదు. లేత ఆకుపచ్చ చాయ కలిసిన తెలుపు దాని రంగు.

తల్లి మరల పలకను పరికించి, "ఇదేమిటిరా? ఈమె చెట్టుకొమ్మ పట్టుకొని నిలిచినది. ఈ ప్రక్కన నలుగురు గుడ్డ పట్టుకొని ఉన్నారు. కానుపు జరిగినట్లున్నది. మరి బిడ్డ ఏడి?" అని అడిగెను.

కుమారుడు అంతవరకు ఆ పలకను చూడనేలేదు. ఇప్పుడు వంగి చూచెను. నలుగురు దేవతలు పట్టుకొనిన వస్త్రముపై చిన్న చిన్న పాదముల గుర్తులు కలవు. బిడ్డ లేడు, బిడ్డ అడుగులు కలవు.

"ఇవిగో అమ్మా, పాదాలు!"

"ఔనురా" అని ఆమె చేయి చాచబోయి, తాకరాదని గుర్తు తెచ్చుకొని, వెనుకకు తీసికొనెను. ఆనాడు వారు ఈజిప్టు గదులకు పోలేదు.

ఆ పలక బుద్ధుని జననమును తెలుపునది. మాయాదేవి కన్న కలయు, పండితులు ఆ కలకు ఫలము చెప్పుటయు, లుంబినీవనములో ప్రసవమును, శిశువును దర్శనమునకు తీసికొనిపోవుటయు అందు నాలుగు భాగములుగా చెక్కబడినవి. పూర్వశిల్పులు బుద్ధుని రూపమును చెక్కక, పాదములు, బోధివృక్షము, వట్టి సింహాసనము, ధర్మచక్రము మున్నగు గుర్తులతోనే ఆయన ఉనికిని తెలిపెడివారు. తరువాతి కాలమున రూపమును చెక్కుట వచ్చినది. అమరావతిలో ఈ రెండు పద్ధతులును కనబడును. ఆ మ్యూజియముననే రెండువైపుల చెక్కిన పలక ఒకటి కలదు. దాని యొకవైపున క్రీ.పూ. మొదటి శతాబ్దినాటి బోధివృక్షమును శూన్యాసనమును, వేరొకవైపున క్రీ.శ. మూడవ శతాబ్దినాటి మహాచైత్యపు రూపమును కలవు. మూడువందల యేండ్ల తరువాతి శిల్పి పూర్వుని రాతిని పారవేయక, దానిని త్రిప్పి వాడుకొనెను. పొదుపు తెలిసిన పనివాడు!

ఈ రాళ్ళను చేయించినవారు రాజులు మాత్రమే యనుకొనరాదు. అమరావతి శాసనములలో దాతల పేర్లు కలవు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, సుగంధద్రవ్యములు అమ్మువారు అందున్నారు. విధికుడను చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలతో కూడి పూర్ణఘటము చెక్కిన పలకను దానము చేసినట్లు ఒక శాసనము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రచిహ్నమున నేడు కనబడు పూర్ణఘటము అట్టి పలకలనుండి వచ్చినదే. అమరావతి శాసనములోని 'నాగబు' అను పదమును తెలుగు పదముగా వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరి. అది ఒక పేరులోని తునుక మాత్రమేయని వాదించు పండితులును కలరు. ఆ వాదము తేలకపోయినను, ఆ పేర్లను చెక్కినవారు కృష్ణాతీరపు నీరు త్రాగినవారేయనుటలో వాదము లేదు.

ఇంతటి కట్టడము లండనుకు ఎట్లు పోయినది? క్రీ.శ. 1344వ సంవత్సరమున సింహళమునుండి వచ్చిన ధర్మకీర్తి అను భిక్షువు ధాన్యకటకమున ఒక విహారమును బాగుచేయించినట్లు ఆ దేశపు శాసనమొకటి చెప్పుచున్నది. ఆపైన యాత్రికుల రాకపోకలు ఆగిపోయెను. చైత్యము మట్టిదిబ్బయై, దీపాలదిన్నె యను పేర మిగిలెను. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త రాజధానిని కట్టబూనెను. కట్టుబడికి ఇటుకలు, రాళ్ళు కావలసివచ్చినవి. పనివారు దిబ్బను త్రవ్విరి. కొన్ని రాళ్ళు శివగంగ చెరువు మెట్లయ్యెను. కొన్నిటిని కాల్చి సున్నము చేసిరి. వాటిపై చెక్కినది ఏమో ఆ త్రవ్వినవారికి తెలియదు, తెలిపినవారును లేరు.

ఆ కాలముననే కల్నలు కాలిన్ మెకంజీ అచటికి వచ్చి ఆ రాళ్ళను చూచెను. 1816వ సంవత్సరమున అతడు చిత్రకారులను వెంటబెట్టుకొని మరల వచ్చి, దిబ్బను కొలిపించి, ఒక్కొక్క రాతికి బొమ్మ గీయించెను. తెలుగువారైన కావలి సోదరులు మెకంజీ సేకరణ కార్యములలో ముఖ్యసహాయకులు. 1845వ సంవత్సరమున వాల్టర్ ఎలియట్ అను అధికారి మరికొంత త్రవ్వించి, దొరకిన శిల్పములను మద్రాసుకు పంపెను. అచట అవి కొన్నియేండ్లు ఎండకు ఎండి వానకు తడిసినవి. 1859వ సంవత్సరమున వానిని ఓడకెక్కించిరి. కాని ఆ సరికి ఈస్టిండియా కంపెనీ పాలన అంతమైనది. లండనులో వానిని దింపుకొని పెట్టుకొనువారు లేరు. నదీరేవు గోదాములో కొంతకాలము, పిమ్మట ఒక భవనపు గుర్రపుబండ్ల కొట్టములో కొంతకాలము అవి పడియుండెను. 1867వ సంవత్సరమున జేమ్స్ ఫెర్గుసన్ అను వాస్తుపండితుడు వేరొక పనిమీద వెదకుచుండగా, ఆ కొట్టములో అవి కనబడినవి. అతడు వానికి ఫోటోలు తీయించి, మరుసటి యేట గ్రంథము ప్రకటించెను. 1880వ సంవత్సరమున అవి బ్రిటిష్ మ్యూజియము చేరి, పెద్దమెట్ల వెంట గోడలకు అమర్పబడెను. పట్టణపు పొగ, తేమ ఆ సున్నపురాతికి పడవు. తరువాత చాలయేండ్లు వానిని నేలమాళిగలో దాచిరి. 1992వ సంవత్సరమున గాని ఈ గది సిద్ధము కాలేదు.

విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమున టిప్పుసుల్తాను చెక్కపులి యొకటి కలదు. అది తెల్లసైనికునిపై పడి కరచుచుండును; మరను త్రిప్పినచో గాండ్రించును. 1799వ సంవత్సరమున శ్రీరంగపట్టణము కూలినప్పుడు అది దోపిడిలో ఆంగ్లేయుల చేతికి చిక్కెను. దాని కథ ఇంతే, స్పష్టమైనది. అమరావతి రాళ్ళ విషయము అట్టిది కాదు. వానికొరకు యుద్ధము జరుగలేదు. ఒక అధికారి ఉత్తరువు, మరియొక అధికారి ఉత్తరువు, ఒక ఓడ, ఒక కొట్టము - ఇట్లు అవి సాగిపోయెను. వద్దనినవారెవ్వరును లేకపోవుటయే వాని దౌర్భాగ్యము.

ఆ రాళ్ళు లండనుకు పోకున్నచో సున్నముగా మారియుండెడివని చెప్పువారు కలరు. ఆ మాట కొంత నిజమే; దీపాలదిన్నెలో జరిగిన పని చూచినచో కాదనుట కష్టము. కాని దేశముననే మిగిలిన రాళ్ళు అన్నియు నశించినవా? చెన్నపట్టణము ఎగుంబూరు మ్యూజియమున అమరావతి శిల్పములు ఎన్నియో నేటికిని నిలిచియున్నవి. కాపాడుటకై వచ్చినవారి చేతనే మహాచైత్యమునకు పెద్ద కీడు జరిగినదనుటయు నిజము. 1880వ సంవత్సరమున మద్రాసు గవర్నరు ఆజ్ఞచే దిబ్బనంతయు ఒక్కమారే త్రవ్విపారవేసిరి. మరుసటి యేడు పురావస్తు శాస్త్రజ్ఞుడు బర్జెస్ వచ్చి చూచునప్పటికి నడుమ గొయ్యి తప్ప కట్టడము లేదు. ఏ రాయి ఏ రాతి ప్రక్కన నిలిచినదో తెలిపెడి ఆనవాలు ఆ మట్టితోడనే పోయినది. శిల్పమునకు చేయి విరిగినను చూడవచ్చును. చోటు పోయిన శిల్పమునకు మాట పోయినట్లే.

సుమారు 190 అడుగుల వ్యాసము గల ప్రాకారముతో ఒకప్పుడు నిలిచిన ఆ చైత్యము నేడు ఒక్కచోట లేదు. కొంత లండనులో, కొంత చెన్నపట్టణమున, కొంత కలకత్తాలో, పారిస్ నగరపు గిమే మ్యూజియమున కొంత కలదు. అమరావతి గ్రామమునందలి మ్యూజియమున మరికొన్ని రాళ్ళును, చైత్యము పూర్వమెట్లుండెనో తెలుపు చిన్న నమూనాయు కలవు. గుంటూరునుండి ఒక్క పూటలో పోయి రావచ్చును. దానికి పాసుపోర్టు అక్కరలేదు.

లండనులోని బ్రిటిష్ మ్యూజియమునుండి కాలినడకన పోదగినంత దూరమున బ్రిటిష్ లైబ్రరీ కలదు. మెకంజీ గీయించిన అమరావతి బొమ్మల సంపుటము అచట భద్రముగా నున్నది. గీసినవారు శ్రద్ధ గలవారు. రాతిలోని పగుళ్ళను కూడ విడువలేదు. పండితులు ఆ బొమ్మలను ముందిడుకొని, ఇది లండనులోని రాయి, ఇది చెన్నపట్టణపు రాయి యని పోల్చుకొనుచుందురు. కొన్ని బొమ్మలు దేనితోడను పోలవు. ఆ రాళ్ళు ఇప్పుడు ఎచ్చటను లేవు.